ఫోర్కులు వద్దన్న రోజు

మొదటిసారి సుషీ తినబోయేవాళ్ళకు ఏవి తెప్పించాలని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెప్పగలను. కీరాముక్క మధ్యలో పెట్టి అన్నాన్ని నాచులో చుట్టిన సన్నటి రోల్‌తో మొదలుపెట్టమంటాను. అది చిన్నది, ఒక్క ముద్దలో అయిపోతుంది, విడిపోదు. దాని తర్వాత ఇనారి. సోయా పాలతో చేసే టోఫు సంచిని తీపి పాకంలో ఉడికించి, అందులో అన్నం కూరి చేస్తారు. మన పూర్ణం బూరెలాగా చేతిలో నిలుస్తుంది. చేపలు తినేవాళ్ళకైనా పచ్చి చేప మొదటిరోజే వద్దంటాను. వేయించిన రొయ్య పెట్టిన రోల్ చాలు. అవకాడో రోల్ రుచిగానే ఉంటుంది గానీ జారిపోతుంది. పళ్ళెం అంచున పెట్టే వసాబి అనే ఆకుపచ్చటి ఘాటు ముద్దని కొత్తిమీర పచ్చడనుకుని వేలితో తీసి నాకకుండా ముందే హెచ్చరించాలి.

ఇదంతా తిండి మీద ప్రీతితో అబ్బిన విద్య కాదు. నా కుడిచెయ్యి వణుకుతుంది. ఆ వణుకు స్నేహితుల కంట పడకుండా ఉండాలని నేనొక ఎత్తు వేశాను. ఆ ఎత్తు కోసం నేర్చుకున్నదే ఇదంతా.

నేను ఈ చలిదేశానికి వచ్చి, సార్నియా అనే ఊళ్ళో ఒక కెమికల్ ప్లాంటులో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఉద్యోగం మార్కమ్‌లో కావడంతో సార్నియాలో ఇల్లు అమ్మేసి నేనూ మా ఆవిడా ఇక్కడికి వచ్చేశాం. వచ్చిన కొత్తల్లోనే వణుకు మొదలైంది. మొదట్లో టీ కప్పు సాసరు మీద పెట్టేటప్పుడు టకటకమని చప్పుడు వచ్చేది. చలికేమో అనుకున్నాను. తర్వాత చొక్కా గుండీలు, బ్యాంకులో సంతకం, ఫోనులో నంబరు నొక్కడం, ఒక్కొక్కటే కష్టమవుతూ వచ్చాయి. అన్నిటికన్నా అధ్వాన్నం తిండి. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండదు, అందరి చెయ్యిలాగే ఉంటుంది. ముద్ద కలిపి పైకి ఎత్తేసరికి మొదలవుతుంది. నోరు దగ్గరవుతున్నకొద్దీ పెరుగుతుంది. చెంచాతో అయితే మరీ ఘోరం, నోటి దాకా వచ్చేసరికి అందులో ఏమీ మిగలదు.

స్పెషలిస్టు పరీక్షలన్నీ చేసి పార్కిన్సన్స్ కాదన్నాడు. ఎసెన్షియల్ ట్రెమర్ అని దాని పేరు చెప్పాడు. ప్రాణానికి ముప్పేమీ లేదనీ, పూర్తిగా పోయేది కాదనీ, మాత్రలతో కొంత సర్దుకుంటుందనీ చెప్పాడు. మా ఆవిడ పక్కన కూర్చుని హమ్మయ్య అనుకుంది. నాకు మాత్రం ఆ మాట విన్నాక కూడా గుండె తేలికపడలేదు. ప్రాణం సంగతి సరే, పరువు సంగతేమిటని ఆయన్ని అడగలేను కదా.

ఒకసారి గుళ్ళో తీర్థానికి చెయ్యి చాపాను. అరచేతిలో పోసిన నీళ్ళు పెదవుల దాకా రాలేదు. సగం నా చొక్కా మీద, సగం పక్కన నిలబడ్డ చిన్నపిల్ల పట్టులంగా మీద పడ్డాయి. ఆ పిల్ల తల్లి పిల్లను కొంచెం అవతలికి జరుపుకుంది, అంతే. ఆ తర్వాత నేను తీర్థం దగ్గరికి వెళ్ళడం మానేశాను. దణ్ణం పెట్టుకుని, గంట కొట్టి, చెప్పుల దగ్గరికి వచ్చి మా ఆవిడ కోసం నిలబడేవాణ్ణి.

ఇంకోసారి తెలిసినవాళ్ళ గృహప్రవేశంలో, కోట్లు తగిలించిన గదిలో నా కోటు వెతుక్కుంటుంటే, తలుపు అవతల ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం వినబడింది.

"ఆ అంకుల్ ఈమధ్య బాగా డ్రింక్ చేస్తున్నారట కదా."

"చేతులు చూడలేదా మరి? పట్టపగలే అట్లా షేక్ అవుతున్నాయంటే."

నేను మందు ముట్టేవాణ్ణి కాదు. బయటికి వచ్చి ఆ మాట చెప్పవచ్చు. జబ్బు పేరు కూడా చెప్పవచ్చు. చెప్పలేదు. కోట్ల మధ్యలో నిలబడి వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగాను. తాగుబోతు అన్న మాట కంటే, 'అయ్యో పాపం' అన్న మాటకే నేను ఎక్కువ భయపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే అది ఎంత తెలివితక్కువ భయమో తెలుస్తుంది గానీ, అప్పుడు మాత్రం అదే నిజం.

ఇక్కడికి వచ్చాక మాకు రెండు కుటుంబాలతో బాగా స్నేహం కుదిరింది. ఒకరు యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు గారు. రాజమండ్రి వైపు మనిషి. అందరం మాస్టారు అంటాం. ఆయన భార్య నాకు వరసకేమీ కాకపోయినా మేము వదినగారు అనే పిలుస్తాం. ఆవిడ పూర్తి శాకాహారి. రెండోవారు సర్జన్‌గా చేసి రిటైరైన డాక్టరు గారు. కడప ఆయన, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నారు. నెలకోసారి ఒకరింట్లో అందరం కలిసి భోజనం చేసేవాళ్ళం.

మాస్టారు భోంచేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. వేళ్ళ మొదటి కణుపు దాటి అన్నం అంటదు. సాంబారన్నం తిన్నా విస్తరి కడిగినట్టు ఉంటుంది. అలాంటి మనిషి ఎదురుగా, పక్కన ఒక సర్జన్ కూర్చుని ఉండగా, నేను చెయ్యి ఎత్తడం ఎలా? వణుకు పెరిగాక నేను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కూడా తినడం మానేశాను. ఆకలి లేదనేవాణ్ణి. పొద్దున టిఫిన్ ఆలస్యమైందనేవాణ్ణి. ఒకసారి పంటినొప్పి అన్నాను. పళ్ళెంలో ఏదో ఒక గారెముక్క పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు నోట్లో వేసుకుని, ఇంటికి వచ్చాక వంటింట్లో గోడ వైపు తిరిగి పెరుగన్నం తినేవాణ్ణి. మా ఆవిడ ముందు తినడం కూడా నాకు ఇష్టం ఉండేది కాదు. ఆమె టీవీ ముందు కూర్చున్నాక తినేవాణ్ణి.

మా వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంకతో దాటేశాం. చివరికి ఒకరోజు మా ఆవిడ గట్టిగానే అడిగింది.

"ఎన్నాళ్ళని తప్పించుకుంటారు? వాళ్ళింట్లో తిని మనం పిలవకపోతే ఏమనుకుంటారు? మీకు చెప్పుకోవడం ఇబ్బందయితే నేను చెప్తాను, ఇలా ట్రెమర్ ఉందని. అదేమన్నా తప్పా?"

"చెప్పావంటే నేనింక వాళ్ళ మొహం చూడను" అన్నాను. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఆఫీసు నుంచి వస్తూ సూపర్ మార్కెట్ నుంచి ఒక సుషీ డబ్బా తెచ్చుకుంది. బల్ల మీద పెట్టుకుని తింటూ, "వాంట్ సమ్, నాన్నా? ఇది వెజ్జే" అంది. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండి నేను ఒక్కసారి కూడా అది తినలేదు. చల్లటి అన్నం, నల్లటి నాచు అనుకుని దాని జోలికి పోలేదు. ఆ రోజు కాదనలేక ఒక ముక్క వేళ్ళతో తీసుకున్నాను. చెయ్యి వణికింది. ముక్క మాత్రం కదలలేదు. అన్నం మెతుకు మెతుకుకు అతుక్కుని ఉంది. నోట్లో పెట్టుకున్నాను. ఒక్క మెతుకు కూడా కింద పడలేదు. తిరగమోత వేయని పులిహోరలా పుల్లగా ఉంది. నేను ఇంకోటి తీసుకున్నాను. ఇంకోటి.

"చాప్‌స్టిక్స్ లేకుండా తినొచ్చా?" అని అడిగాను.

"యా, యూ కెన్ యూజ్ యువర్ హ్యాండ్స్. చాలామంది అలాగే తింటారు. చాప్‌స్టిక్స్ ట్రై చేస్తావా?"

ప్రయత్నించాను. రెండు పుల్లలూ నా చేతిలో గజగజలాడాయి. ముక్క డబ్బాలోంచి ఎగిరి నేల మీద పడింది. నేను సిగ్గుపడి పుల్లలు కింద పెట్టేస్తే అమ్మాయి తేలిగ్గా నవ్వి, "ఎవ్రీబడీ ఈజ్ బ్యాడ్ ద ఫస్ట్ టైమ్, నాన్నా" అంది.

ఆ మాట దగ్గర నా ఎత్తు పుట్టింది. మాస్టారు గానీ, వదినగారు గానీ, డాక్టరు గారు గానీ చాప్‌స్టిక్స్ ఎప్పుడూ పట్టుకోలేదని నాకు తెలుసు. మాటల్లో ఎప్పుడో అనుకున్నారు. అందరినీ ఒక సుషీ హోటల్‌కు తీసుకెళ్తే, అందరి చేతుల్లోనూ ముక్కలు జారతాయి. అందరూ బల్ల మీద పడేస్తారు. అప్పుడు నా చెయ్యి వణికినా, పది తప్పుల మధ్య అదీ ఒక తప్పులా కలిసిపోతుంది. ఆ పూట నేను స్నేహితుల మధ్య కూర్చుని మామూలు మనిషిలా తినవచ్చు.

మా ఆవిడ సంతోషించింది. కనీసం పిలుస్తానన్నాను కదా. హైవే సెవెన్ మీద ఒక ప్లాజాలో ఉన్న హోటల్ ఎంచుకున్నాం. నేను అమ్మాయిని వెంటపెట్టుకుని ముందుగానే అక్కడికి వెళ్ళి ఏవి తెప్పించాలో చూసుకున్నాను. అమ్మాయి ముచ్చటపడింది. అతిథుల కోసం నాన్న ఇంత శ్రద్ధ తీసుకుంటున్నాడే అనుకుంది. ఆ శ్రద్ధలో నిజం లేకపోలేదు. వదినగారి కోసం ఏ రోల్‌లో చేపగుడ్లు చల్లుతారో, దేనికి గుడ్డుతో చేసే మయోనైజ్ వేస్తారో, ఇనారిని ఉడికించే నీళ్ళలో చేపల రసం పోస్తారో లేదో అన్నీ అడిగి తెలుసుకున్నాను. సూప్ వద్దనుకున్నాను. దాన్లో చేపల రసం ఉంటుందన్నది పైకి చెప్పిన కారణం. గిన్నె ఎత్తి తాగాల్సి వస్తుందన్నది లోపలి కారణం.

వచ్చేముందు, అమ్మాయి కారు తీయడానికి వెళ్ళినప్పుడు, వడ్డించే పిల్ల దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పాను. శనివారం మా బల్ల మీద ఫోర్కులు పెట్టవద్దనీ, అడిగినా ఇవ్వవద్దనీ, మా స్నేహితులకు అసలైన పద్ధతి నేర్పించాలని నాకు ఉందనీ చెప్పాను. ఆ పిల్ల నవ్వి సరేనంది. అమ్మాయికి కూడా చెప్పాను, చేత్తో తినవచ్చన్న మాట అక్కడ ఎత్తవద్దని. "వై?" అంది. "సరదాగా ఉంటుంది కదా, నేర్చుకోనీ" అన్నాను. శనివారం ఆమెకు ఏదో పని పడి ఎలాగూ రాలేదు.

శనివారం మధ్యాహ్నం అందరం చేరాం. మాస్టారు ఎప్పటిలాగే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, పైన కోటు. వదినగారు చుట్టూ చూసి, "ఏదో సినిమాలో ఉన్నట్టుందండీ" అన్నారు. పళ్ళేలు వచ్చాయి. నేను ఒక్కొక్కటీ చూపించి ఏది ఏమిటో చెప్పాను. ఇది శాకాహారం, ఇందులో రొయ్య ఉంది, ఇది ఘాటు. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. నాకే ఆశ్చర్యం వేసింది, గొంతు అంత హాయిగా పలకడం. ఎన్నాళ్ళయిందో స్నేహితుల మధ్య తిండి గురించి నేను అలా మాట్లాడి.

తర్వాత అందరూ పుల్లలు చేతిలోకి తీసుకున్నారు. నేను అనుకున్నట్టే జరిగింది. వదినగారి ముక్క పళ్ళెంలోనే బొంగరంలా తిరిగింది. మా ఆవిడది ఒళ్ళో పడింది. నాది బల్ల మీద దొర్లింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. డాక్టరు గారు మాత్రం రెండో ప్రయత్నంలోనే పట్టేశారు. "నలభై ఏళ్ళు ఆపరేషన్లలో ఫోర్సెప్స్ పట్టిన చెయ్యి ఇది" అని పైకెత్తి చూపించారు.

మాస్టారికి చేతకాలేదు. ఆయన నవ్వలేదు కూడా. లెక్క తేల్చుకునేవాడిలా పుల్లలు అటు తిప్పి ఇటు తిప్పి పట్టుకుని, ఒక రోల్‌ను సగం దూరం ఎత్తారు. అది సోయా సాస్ గిన్నెలో పడింది. నల్లటి చుక్కలు తెల్లచొక్కా మీద చిమ్మాయి. వదినగారు పకపకా నవ్వి ఫోను తీశారు. "ఉండండి, అబ్బాయికి పంపిస్తాను" అంటూ ఫోటో తీశారు. మాస్టారు చొక్కా తుడుచుకున్నారు. మరక ఇంకా పెద్దదైంది.

"ఒక ఫోర్క్ ఇమ్మనండి" అని ఆయన నెమ్మదిగా అన్నారు.

వడ్డించే పిల్ల అటుగా వస్తే వదినగారు ఫోర్క్ అడిగారు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. ఆమె "ఐ హ్యావ్ సంథింగ్ బెటర్" అని లోపలికి వెళ్ళి, చిన్నపిల్లల చాప్‌స్టిక్స్ తెచ్చి మాస్టారి ముందు పెట్టింది. రెండు పుల్లలనూ పైన ఒక ప్లాస్టిక్ ఏనుగు బొమ్మ కలిపి పట్టుకుని ఉంటుంది, నొక్కితే పట్టకారులా మూసుకుంటాయి. "దిస్ వన్ ఈజ్ ఈజీ, సర్" అంది. ఆమె మంచి మనసుతోనే తెచ్చింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రజంట ఆ ఏనుగును చూసి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మా బల్ల దగ్గర కూడా అందరం నవ్వాం.

అప్పుడు నాకేమనిపించిందో రాయడం కష్టంగా ఉంది. రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. నాకు హాయిగా అనిపించింది. ఆ నీటుగా తినే మనిషి, ఆ తెల్లచొక్కా మీద మరకలతో, చిన్నపిల్లల బొమ్మ పట్టుకుని కూర్చుంటే, నా ఛాతీ లోపల ఎక్కడో బిగుసుకున్నది సడలినట్టయింది. ఆ రోజు బల్ల దగ్గర అందరి కళ్ళూ ఒక చేతి మీద ఉన్నాయి. అది నా చెయ్యి కాదు. ఎన్నో నెలల తర్వాత నేను ఆకలితో తిన్నాను. అందరూ ఆయన వైపు చూస్తుంటే, నేను రెండు ఇనారిలు వేళ్ళతో గబుక్కున తీసుకుని మింగేశాను.

మాస్టారు ఏనుగు బొమ్మను పక్కన పెట్టారు. నీళ్ళ గ్లాసు తీసుకున్నారు.

"నాకు పెద్దగా ఆకలి లేదండీ. మీరు కానివ్వండి" అన్నారు.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. మాట చివర కొంచెం నవ్వు అతికించి, కళ్ళు ఎవరికీ ఇవ్వకుండా చెప్పే ఆ మాట నేను ఆయన ఇంట్లోనే, ఆయన బల్ల దగ్గరే ఎన్నోసార్లు చెప్పాను. తిండి ఎదురుగా ఉండి ఆకలి లేదనేవాడికి ఎంత ఆకలిగా ఉంటుందో ఆ బల్ల దగ్గర నా ఒక్కడికే తెలుసు.

వెంటనే ఏదో చేశానని చెప్పుకోవాలని ఉంది గానీ, చేయలేదు. వదినగారు ఏదో చెబుతుంటే విన్నాను. ఇంకో ముక్క కోసం చూశాను. ఆయన నీళ్ళు తాగుతూ కిటికీ అద్దంలోంచి పార్కింగ్ వైపు చూస్తున్నారు. ఎంతసేపని చూస్తారు.

నేను పుల్లలు పక్కన పెట్టి, ఒళ్ళోంచి కుడిచెయ్యి తీసి బల్ల మీదికి తెచ్చాను. పళ్ళెంలోంచి ఒక కీరా రోల్ వేళ్ళతో పట్టుకున్నాను. అందరూ చూస్తున్నారని తెలిసేసరికి చెయ్యి రోజూ కంటే ఎక్కువగా ఊగింది. గోళ్ళు పళ్ళెం అంచుకు తగిలి టకటకమన్నాయి. మోచెయ్యి బల్లకు ఆనించుకున్నాను. అయినా ఆగలేదు. మా ఆవిడ నా పక్కనున్న సాస్ గిన్నెను దూరంగా జరిపింది. ముక్క పెదవికి తగిలి, గడ్డానికి తగిలి, చివరికి నోట్లోకి వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు.

"చేత్తో తినవచ్చు మాస్టారూ" అన్నాను. "ఇక్కడ చాలామంది అలాగే తింటారు. నాకు ముందే తెలుసు."

డాక్టరు గారు నా చేతి వైపు చూస్తున్నారు, నా మొహం వైపు కాదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉంది?" అని అడిగారు.

"రెండేళ్ళు దాటిందండీ."

"ఏం మందు ఇస్తున్నారు?"

చెప్పాను. ఆయన తల ఊపారు. "డోసు పెంచొచ్చేమో అడగండి" అన్నారు. అంతే. నేను రెండేళ్ళుగా భయపడిన సంభాషణ అంతకంటే లేదు. వదినగారి కళ్ళల్లో మాత్రం నేను భయపడింది కనిపించింది. "అయ్యో, అన్నయ్యగారూ" అన్నారు. బల్ల కిందికి దూరిపోవాలనిపించింది. మాస్టారు ఒక ఇనారి చేత్తో తీసుకుని, తలవంచుకుని తిన్నారు. తర్వాత ఇంకోటి తిన్నారు. నా వైపు చూడలేదు.

బయటికి వచ్చాక ఆడవాళ్ళు కారు దగ్గర మాట్లాడుకుంటుంటే, మాస్టారు నన్ను పక్కకు పిలిచారు.

"చేతులు కడుక్కోవడానికి వెళ్తుంటే దారిలో ఒక ట్రేలో ఫోర్కులు కనిపించాయండీ. మరి మాకెందుకు ఇవ్వలేదని ఆ అమ్మాయిని అడిగాను. మీరే వద్దన్నారంది."

నేను అవునన్నాను. ఎందుకో కూడా చెప్పాను. అందరూ తడబడితే నా తడబాటు తెలియదనుకున్నానని చెప్పాను.

ఆయన కార్ల వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగారు. "మీ చెయ్యి వణికితే మేం నవ్వుతామనుకున్నారా?"

"నవ్వరని తెలుసు. జాలిపడతారని."

"నేను తినలేకపోతే మీరు నవ్వారు కదండీ" అన్నారు. కోపంగా అనలేదు. తరగతిలో లెక్క తప్పు చేసిన పిల్లవాడికి తప్పు ఎక్కడుందో చూపించినట్టు అన్నారు. కోటు గుండీలు పెట్టుకుని, మరక కనబడకుండా సర్దుకుని, వెళ్ళి కారెక్కారు.

ఇంటికి వస్తుంటే మా ఆవిడ కారు నడిపింది. వణుకు వచ్చాక డ్రైవింగ్ ఆమెదే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది.

"మాస్టారు అంటుంటే వినబడింది. ఫోర్కులు మీరు వద్దన్నారా?"

"ఆఁ."

"నాక్కూడా చెప్పలేదే." కొంచెం ముందుకు పోయాక మళ్ళీ అంది. "నాకూ పట్టుకోవడం రాలేదు. నా ముక్కలన్నీ ఒళ్ళోనే పడ్డాయి. చేత్తో తినొచ్చని మీరు చెప్పేసరికి పెద్దగా ఏం మిగల్లేదు. మీరు చూశారా అసలు?"

నేను చూడలేదు. ఆ బల్ల దగ్గర నేను రెండు చేతులనే చూశాను, ఒకటి నాది, ఒకటి మాస్టారిది. నా పక్కన కూర్చున్న మనిషి ఆకలితో లేచి వచ్చిందన్న సంగతి ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. ఇంటికి వెళ్ళగానే ఆమె బియ్యం కడిగి కుక్కర్ పెట్టింది. నేను వంటింట్లో నిలబడి ఉల్లిపాయ తరగనా అని అడిగాను. వద్దంది, వేలు తెగుతుందని.

ఆ తర్వాత కొన్ని వారాలు మాస్టారి దగ్గర నుంచి ఫోను లేదు. నెల భోజనం డాక్టరు గారి ఇంట్లో కావాల్సింది, ఆయన మోకాలి ఆపరేషన్ అని వాయిదా వేశారు. నిజంగానే ఆపరేషనో, మరేదైనా కారణమో నాకు అనుమానంగానే ఉండేది. తర్వాత తెలిసింది, నిజంగానే అని. సిగ్గుపడ్డ మనిషికి లోకమంతా తన గురించే వాయిదా వేస్తున్నట్టు ఉంటుంది.

ఒకరోజు పొద్దున నేనే బస్సెక్కి మాస్టారి ఇంటికి వెళ్ళాను. ముందు ఫోను చేయలేదు, చేస్తే రావద్దంటారేమోనని. తలుపు ఆయనే తీశారు. లోపలికి రమ్మన్నారు. పేపరు పరిచిన బల్ల దగ్గర కూర్చున్నాం. నేను క్షమించమని అడగడానికి మాటలు సర్దుకుంటుంటే ఆయనే మొదలుపెట్టారు.

"నేను జీవితమంతా బోర్డు ముందు నిలబడ్డానండీ. ఒక్కరోజు కూడా చాక్‌పీసు చెయ్యి జారలేదు. ఆ పిల్ల ఏనుగు బొమ్మ తెచ్చి పెట్టేసరికి ఏదో అయిపోయింది. ఇంటికి వచ్చి ఆ చొక్కా చెత్తలో పడేశాను. ఉతికితే పోయేదే." నా చేతి వైపు చూశారు. "ఒక్క పూట అది. మీకు రోజూ అలాగే ఉంటుందా?"

"రోజూ అలాగే ఉంటుందండీ."

"మరి మీరు దాన్ని నాకు అంటించాలనుకున్నారు."

"అవునండీ" అన్నాను. తప్పు అని చెప్పడానికి నోరు తెరిచాను గానీ, ఆయన చెయ్యెత్తి ఆపారు. క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేకపోయాను.

వదినగారు కాఫీ తెచ్చారు. ఆయన కప్పు నిండా ఉంది. నా కప్పులో సగమే పోసి తెచ్చారు. అది దయతో చేసిన పనే. అయినా ఆ సగం కప్పు చూడగానే నా మొహం మాడిపోయింది. మాస్టారు రెండు కప్పుల వైపూ చూశారు.

"ఆయనకు కూడా నిండా పొయ్యి" అన్నారు.

"ఒలుకుతుందేమోనండీ."

"ఒలకనీ. బల్లేగా."

ఆవిడ వెళ్ళి గిన్నె తెచ్చి నా కప్పు నింపారు. నేను రెండు చేతులతో ఎత్తాను. మొదటి గుక్క తాగకముందే బల్ల మీద ఒలికింది. వదినగారు గుడ్డ కోసం లేవబోతే ఆయన కూర్చోమన్నట్టు చూశారు. టిష్యూ డబ్బా నా వైపు తోశారు. నేనే తుడుచుకున్నాను. సిగ్గు వెయ్యలేదని చెప్పను. ఆ టిష్యూ తడిసి వేలికి అంటుకుంటుంటే లేచి వెళ్ళిపోదామనిపించింది. ఆయన మాత్రం అప్పటికే వాళ్ళ ఇంటి కింది బేస్‌మెంటులో నీళ్ళు ఊరుతున్న సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ప్లంబర్‌ను పిలవాలా, ముందు బయట మట్టి తవ్వి చూడాలా అని నన్ను అడిగారు. ప్లాంటులో పైపుల పనే చేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్పాను. చెబుతూనే ఇంకో గుక్క తాగాను. మళ్ళీ ఒలికింది. ఆయన పేపరును కొంచెం అవతలికి జరిపి, "గోడ పక్కన పగులు ఉంది, రండి చూపిస్తాను" అన్నారు.